వంగి లేచే స్వరం

తుఫాను పోయాక మా ఊళ్లో మళ్లీ కరెంటు వచ్చేసరికి చలి మొదలై, పెకాన్ చెట్ల కాయలు రాలే రోజులు వచ్చేశాయి. వీధిలో మొదటి దీపం వెలగగానే జనం వరండాల్లోకి వచ్చి చప్పట్లు కొట్టారు. నేను మాత్రం వంటింట్లో నిలబడి స్విచ్చి వేస్తూ, ఆర్పుతూ, మళ్లీ వేస్తూ ఉండిపోయాను. జీవితమంతా కరెంటుతో పనిచేసిన దాన్ని. మొదట సైన్యంలో రేడియోలు, ఆ తరువాత మా ఆయనతో కలిసి టీవీ రిపేరు షాపు, ఆయన పోయాక నేనొక్కదాన్నే అదే షాపు. అయినా అది లేకుండా గడిపిన ఆ వారాల్లోనే, దాన్ని నేనెప్పుడూ ఆగి చూడలేదని తెలిసింది.

మర్నాడు పొద్దున్నే జెరూషా తన పికప్పు ట్రక్కు తెచ్చి షాపు ముందు ఆపింది. వెనకాల పాత బొంత కప్పిన పెట్టె ఒకటి ఉంది. జెరూషా స్కూలు బస్సు నడుపుతుంది. ఆమె నోటికి బస్సులో పిల్లలే కాదు, ఊళ్లో పెద్దవాళ్లు కూడా కాస్త జంకుతారు. బొంత తీయకముందే నాకు వాసన తెలిసిపోయింది. కాలిన మైనం, కాలిన నూనె కలిసిన వాసన. పెట్టె ఎవరిదో కూడా తెలిసిపోయింది. అది వాళ్ల తాత అబ్నర్ డ్రేటన్ యాంప్, గిటారు స్వరాన్ని పెద్దది చేసి వినిపించే పెట్టె. గోధుమరంగు గుడ్డ తొడిగి, మూలలు అరిగిపోయి, ముందున్న జాలీ పొగచూరినట్టు నల్లబడిన ఆ పెట్టెను మా చర్చిలో గుర్తుపట్టని వాళ్లు లేరు.

ఏం జరిగిందో జెరూషా చెప్పింది. కరెంటు రాగానే పెద్దాయన చర్చికి వెళ్లి యాంప్ వేశాడట. కందిరీగల తుట్టె కదిలించినట్టు ఒకటే హోరు వచ్చి, వెంటనే ఫ్యూజు పోయిందట. తను ఇంకోటి వేసిందట. అదీ పోయిందట.

"మూడోసారి ఫ్యూజుకి చూయింగ్ గమ్ వెండి కాయితం చుట్టి పెట్టానత్తా. ఇక పోలేదు," అంది.

"పోలేదు కాబట్టే పొగొచ్చింది."

"కొంచెమే వచ్చింది."

"ఫ్యూజంటే గుమ్మంలో కాపలా కుక్క లాంటిదే. అరుస్తోందని దాని మూతి కట్టేసి, ఇంట్లో దొంగలు లేరని సంబరపడ్డావు."

ఆమె బొంత మడతపెట్టడం మొదలుపెట్టింది. నేను రోజులు లెక్కేసుకున్నాను. ఆ వచ్చే ఆదివారమే కొత్త పైకప్పు వేసిన మా చర్చిని మళ్లీ తెరుస్తున్నారు.

అబ్నర్ బాబాయి గురించి కొంచెం చెప్పాలి. మా చర్చిలో ఆర్గన్ లేదు, ఎప్పుడూ లేదు. ఆ చోటు స్టీల్ గిటారుది. ఒళ్లో అడ్డంగా పెట్టుకుని, తీగల మీద ఉక్కు కడ్డీ జరుపుతూ వాయిస్తారు దాన్ని. మామూలు గిటారుకున్నట్టు మెట్లు ఉండవు. కడ్డీ వెంట్రుకవాసి పక్కకి జరిగినా స్వరం తప్పుతుంది. అలాంటి వాద్యాన్ని వాయించే మా బాబాయికి చెవులు వినబడవు. సగం వినికిడి కాగితం మిల్లు యంత్రాల దగ్గర పోయింది, మిగతా సగం వయసుతో పోయింది. మనం ఎదురుగా నిలబడి నెమ్మదిగా మాట్లాడితే పెదాలు చూసి అర్థం చేసుకుంటాడు. ఉరుము ఉరిమితే తెలుస్తుందంటాడు.

వాయించేటప్పుడు తీగల కింద గీసిన గీతలు చూసుకుంటాడు. అది కళ్ల పని. తక్కినది కాలిది. ఎడమ కాలి బూటూ మేజోడూ విప్పేసి, అరికాలు యాంప్ పెట్టెకి ఆనించి కూర్చుంటాడు. కొత్తగా చర్చికి వచ్చినవాళ్లు చూసి నవ్వుకునేవారు. ఆయన చేతుల అలవాటు మీద వాయిస్తాడనీ, కాలు పెట్టడం పెద్దవాడి చాదస్తమనీ అనుకునేవారు చాలామంది. జెరూషా కూడా అలాగే అనుకునేది, పైకి అనకపోయినా. నేను? నేనూ అంతే అనుకున్నాను. యంత్రాలు తెలిసినదాన్ని కదా.

తుఫానుకి ముందు ఒకసారి జెరూషా తాత కోసం కొత్త యాంప్ ఒకటి తెచ్చింది. ఒక చేత్తో ఎత్తుకుపోవచ్చు, అంత తేలిక. లోపల పాత పెట్టెలో వెలిగే గాజు ట్యూబులూ లేవు, వేడీ లేదు. ఆయన మర్యాదగా దాని ముందు కూర్చుని, కాలు ఆనించి, రెండు మూడు పాటలు వాయించాడు. తరువాత మేజోడు తొడుక్కున్నాడు. "మంచి పెట్టేనమ్మా. కానీ ఇది వేరే ఎవరితోనో మాట్లాడుతోంది," అన్నాడట.

నా షాపు గోడల మీద నడుమెత్తున బురద గీత ఇంకా ఉంది. కింది అరల్లో ఉన్న ట్యూబుల డబ్బాలన్నీ నీళ్లలో నాని ముద్దయిపోతే, శుభ్రం చేసేవాళ్లు లారీలో వేసుకుపోయారు. పై అరల్లోవి మిగిలాయి. బల్ల కడిగి, యాంప్‌ను దాని మీద బోర్లించి, వెనక పలక విప్పాను. జెరూషాను స్టూలు మీద కూర్చోమని, చేతులు ఒళ్లో పెట్టుకోమని చెప్పాను.

ఇలాంటి యాంప్‌లో గోడలోంచి వచ్చే కరెంటు ముందు ట్రాన్స్‌ఫార్మర్‌లోకి వెళ్లి బలం పెంచుకుంటుంది. అక్కణ్ణించి రెక్టిఫయర్ ట్యూబులోకి వెళ్తుంది. గోడలోని కరెంటు ముందుకీ వెనక్కీ ఊగుతుంటుంది. దాన్ని ఒకే వైపు నడిపించడం ఆ ట్యూబు పని. అక్కణ్ణించి కెపాసిటర్లలో పడి, కుండలో పోసిన నీళ్లలా నిలకడగా అవుతుంది. ఆ నిలవలోంచే పాట పుడుతుంది. ప్లగ్గు పీకేసినా ఆ నిలవ లోపల చాలాసేపు ఉంటుంది, మనిషిని చంపగలిగినంత. అందుకని ఎప్పుడూ ముందు అది ఖాళీ చేయాలి. ఒక చెయ్యి ఏప్రాన్ జేబులో పెట్టుకుని, రెండో చేత్తో మీటరు తీగ తాకించాను. చేతులు రెండూ లోపల పెడితే కరెంటు గుండె మీదుగా దారి చూసుకుంటుంది.

ముల్లు కదల్లేదు. లోపల చుక్క నిలవ లేదు.

"మంచిదే కదత్తా, భయం లేదు," అంది జెరూషా.

మంచిది కాదు. ఉండాల్సిన చోట నిలవ లేదంటే కుండ పగిలిందన్నమాట.

తరువాత ఒక మామూలు బల్బును యాంప్‌కీ గోడకీ మధ్యలో కలిపాను. ఇది మా ఆయన చేసే పద్ధతి. లోపల అంతా సవ్యంగా ఉంటే బల్బు ఒక్కసారి వెలిగి మసకబారుతుంది. లోపల కరెంటు అడ్డదారి పట్టి ఉంటే మొత్తం వెలుగు బల్బులోకే వస్తుంది. స్విచ్చి వేశాను. బల్బు తెల్లగా వెలిగి, అలాగే ఉండిపోయింది. ఆపేసి, రెక్టిఫయర్ ట్యూబు పీకేసి, స్విచ్చి మళ్లీ వేశాను. ఈసారి బల్బులో తీగ ఎర్రగా కనబడీ కనబడకుండా నిలిచింది. నేను కుర్చీలో వెనక్కి వాలి ఊపిరి తీసుకున్నాను. ట్రాన్స్‌ఫార్మర్ బతికే ఉంది. అది పోయి ఉంటే, అలాంటిది మళ్లీ చుట్టేవాళ్లు మా చుట్టుపక్కల ఎవరూ లేరు.

తప్పు ఎక్కడుందో వెతకడానికి ఇక ఎంతోసేపు పట్టలేదు. మొదటి కెపాసిటర్ అడుగు ఉబ్బి, పగిలి, ఉప్పు పేరినట్టు తెల్లటి పొడి కట్టి ఉంది. అవి ముసలివి. వారం వారం వాడుతుంటే ఎలాగో నెట్టుకొస్తాయి. తుఫాను తరువాత అన్ని వారాలు కరెంటు లేకుండా పడి ఉండి, ఒక్కసారిగా పూర్తి బలం మీద పడేసరికి మొదటిది తట్టుకోలేకపోయింది. దాని వెంట రెక్టిఫయర్ ట్యూబు కూడా పోయింది. దాని గాజులో లోపలివైపు కాలిన మచ్చ, తెగి పక్క రేకుకి అతుక్కుపోయిన తీగ. వెండి కాయితం చుట్టకపోతే బహుశా ట్యూబయినా మిగిలేది. జెరూషా ఆ మచ్చ వైపు చాలాసేపు చూసింది. 

కెపాసిటర్లన్నీ కొత్తవి వేశాను. రెక్టిఫయర్ ట్యూబు నా దగ్గర లేదు, నీళ్లపాలైంది. దాని బదులు, పాడైన ట్యూబు అడుగు భాగం తీసి, అందులో రెండు డయోడ్లు అతికించాను. గోరంత ఉంటాయి అవి. వేడి లేకుండా అదే పని చేస్తాయి, పైగా ఇంకాస్త ఎక్కువ బలం ఇస్తాయి. టీవీల్లో అలా ఎన్నో మార్చాను. మిగతా ట్యూబులు ఇంకా పెట్టకుండా ఒకసారి వేసి చూసి, ఆపి, ప్లగ్గు పీకి జెరూషా చేతిలో పెట్టాను. మీటరు ముల్లు వైపు చూడమన్నాను. ప్లగ్గు ఆమె చేతిలోనే ఉంది. ముల్లు మాత్రం పైనే నిలబడి ఉంది, దిగడానికి ఏ తొందరా లేనట్టు.

జెరూషా ప్లగ్గు వైపూ ముల్లు వైపూ మార్చి మార్చి చూసింది. "ఇది ఎక్కడుందత్తా ఇప్పుడు? ఆ డబ్బాలో కూర్చునుందా?"

కూర్చునే ఉందన్నాను. ఆమె స్టూలు వెనక్కి జరుపుకుంది.

బుధవారం చర్చిలో పెట్టి చూశాం. హోరు పూర్తిగా పోయింది. ట్యూబులు వెలుగుతున్నాయి కాబట్టి సరిపోయింది, లేకపోతే యాంప్ వేసి ఉందని కూడా తెలియదు. కప్పు పని చేస్తున్న వడ్రంగులు నిచ్చెనల మీద నుంచి తలలూపారు. అబ్నర్ బాబాయి బూటు విప్పి, కాలు ఆనించి, కడ్డీ తీగల మీద పెట్టాడు. వాయించాడు. నా చెవులకి అది ఇంతకు ముందుకన్నా శుభ్రంగా, గట్టిగా ఉంది. ఆయన ఆపేశాడు.

నేను ఆయన ఎదురుగా వెళ్లి నిలబడి, ఎలా ఉందని అడిగాను.

"పని బాగా చేశావమ్మా ఒడెస్సా. నీ చెయ్యి అది," అన్నాడు. తరువాత తల అడ్డంగా ఊపాడు. "కానీ ఇది వంగట్లేదు."

"వంగడమేంటి బాబాయ్?"

"గట్టిగా కొట్టామనుకో, ఇది ముందు తల వంచుతుంది. ఆనక మెల్లిగా లేస్తుంది. లేచేటప్పుడే పాట. ఇప్పుడు కొడితే మేకులా నిలబడుతోంది. నా కాలికి గోడని తన్నినట్టుంది."

జెరూషా నా వైపు చూసి, ఆయనకు కనబడకుండా మొహం పక్కకి తిప్పి, తాతకి ఏదీ నచ్చదులే అత్తా, వదిలెయ్ అంది. నేనూ అదేమంత పెద్ద సంగతిగా తోచక, సర్దుకుంటుందిలే అనుకుని ఇంటికి వచ్చాను. కానీ ఆ రోజు అన్నం తింటున్నా ఆ మాట వదల్లేదు. మేకులా అన్నాడు. కచ్చితంగా అదే చేశాను నేను. కరెంటును మేకులా నిలబెట్టాను. అది ఆయనకు ఎవరు చెప్పారు?

మర్నాడు జెరూషాను పిలిచి యాంప్ మళ్లీ షాపుకి తెప్పించాను. మీటరు తీగలు నిలవ ఉండే చోట తగిలించి, గిటారు మీద బలంగా ఒక దెబ్బ కొట్టమన్నాను. ఆమె కూడా వాయిస్తుంది, చిన్నప్పటి నుంచి తాత దగ్గరే నేర్చుకుంది. కొట్టింది. మళ్లీ కొట్టింది. ముల్లు కదలకుండా ఉన్నచోటే ఉంది.

అప్పుడు నాకు వెలిగింది. ట్యూబు వేరు. అది ఒకేసారి ఎక్కువ ఇవ్వలేదు. గట్టిగా ఒక దెబ్బ పడితే, అడిగినంత కరెంటు అందించలేక ఒక్క క్షణం ఆయాసపడుతుంది. ఆ క్షణం స్వరం అణుగుతుంది. తరువాత ట్యూబు కోలుకుంటుంది, స్వరం ఉబుకుతూ పైకి వస్తుంది. యంత్రం లెక్కలో అది లోపం. నేను ఆ లోపాన్ని సరిచేసి, మా చర్చి గొంతు తీసేశాను. ఇన్నాళ్లూ ఎదుట కూర్చుని వింటున్నా నా చెవులకి ఆ వంపు తెలియలేదు. చెవిటివాడి అరికాలికి తెలిసింది.

షాపు వెనక పెరట్లో పాత టీవీలు గుట్టగా పడున్నాయి, లారీ మళ్లీ వస్తే ఎత్తుకుపోతుందని. ఆ పెద్ద టీవీల్లో ఈ ట్యూబే ఉండేది. స్క్రూడ్రైవరూ బకెట్టూ పట్టుకుని బయటికి నడిచాను.

"తుఫానులో మునిగిన టీవీల్లోంచా?" అంది జెరూషా. "నిన్ను కూడా కొంచెం తడిపినట్టుందత్తా ఆ తుఫాను."

గాజు లోపల ఏమీ ఉండదని, గాలి కూడా ఉండదని, మూత గట్టిగా ఉంటే సముద్రం కూడా లోపలికి వెళ్లలేదని చెప్పాను. ఆమె నమ్మలేదు గాని చొక్కా చేతులు పైకి మడిచింది. ఇద్దరం బురద గడ్డలు పగలగొడుతూ ఒక్కొక్కటే విప్పాం. మొదట దొరికిన ట్యూబు తుడిచి చూస్తే గాజు పైభాగంలో పాలు ఒలికినట్టు తెల్లగా ఉంది. అక్కడ అద్దంలా మెరిసే వెండి పూత ఉండాలి. తెల్లబడిందంటే ఎక్కడో పగులుంది, గాలి చొరబడింది, దాని పని అయిపోయినట్టే. రెండోదాని అడుగు విరిగింది. ఒక టీవీలో ఎండ్రకాయ కాపురం పెట్టింది, జెరూషా అరిచిన అరుపుకి పక్కింటివాళ్లు బయటికి వచ్చారు. మధ్యాహ్నం దాటాక, అన్నిటికన్నా కింద నలిగి ఉన్న పెట్టెలోంచి ఇంకో ట్యూబు బయటికి తీశాం. వేలితో బురద తుడిచాను. కింద వెండి మెరుస్తోంది, నిన్న పూసినట్టు.

గోరువెచ్చటి నీళ్లతో కడిగి, మర్నాడు మధ్యాహ్నం దాకా కిటికీలో ఎండకి పెట్టాను. అడుగున చెమ్మ లేదని నిర్ధారించుకుని, డయోడ్లు తీసేసి దాన్ని సాకెట్లో గుచ్చాను. బల్బు కలిపి, జేబులో చెయ్యి పెట్టుకుని స్విచ్చి వేశాను. కాసేపు ఏమీ లేదు. తరువాత గాజు లోపల, లోతుగా, సన్నటి నారింజ గీత ఒకటి పుట్టింది. అది మెల్లగా తన చుట్టూ ఉన్న రేకులన్నిటినీ వెలిగించింది. పక్కనున్న పెద్ద ట్యూబుల గాజు గోడల మీద నీలి ఛాయ పరుచుకుంది. అంత నీళ్లలో, అంత బురదలో, అన్ని వారాలు పడి ఉన్నది.

జెరూషా స్టూలు దగ్గరికి జరుపుకుని ఆ వెలుగు వైపు వంగింది. 

శనివారం మధ్యాహ్నం చర్చికి తీసుకెళ్లాం. లోపల కొత్త దేవదారు పలకల వాసన. నేను మీటరు తీగలు తగిలించే ఉంచాను. ఏం మార్చానో బాబాయికి చెప్పొద్దని జెరూషాతో అన్నాను. ఆయన మాతో ఏమీ అనకుండా వచ్చి కూర్చుని, బూటు విప్పాడు, కాలు ఆనించాడు. పెట్టె వెచ్చబడేదాకా ఆగాడు. అప్పుడు కడ్డీ తీగల మీద పెట్టి, బొటనవేలితో అడుగు తీగ మీద ఒక్క దెబ్బ కొట్టాడు.

నేను ముల్లు వైపు చూస్తున్నాను. దెబ్బ పడగానే అది కిందికి వంగింది. ప్రార్థనలో మనిషి తల వంచినట్టు, తొందరపడకుండా. కింద ఒక్క క్షణం ఆగింది. తరువాత లేచింది. అది లేస్తుంటే స్వరం కూడా లేచింది, చిన్నదై, పెద్దదై, కొత్త పైకప్పు పలకలు ఒక్కటొక్కటే పట్టుకుని పైకెక్కినట్టు. 

అబ్నర్ బాబాయి కళ్లు మూసుకున్నాడు.   

నేను మీటరు ఎత్తి ఆయన ముందు పెట్టి, భుజం తట్టాను. వాయించమని సైగ చేశాను. ఆయన కళ్లు తెరిచి మళ్లీ కొట్టాడు. ముల్లు వంగి లేచింది. ఇంకోసారి కొట్టాడు, మెత్తగా. అది కొంచెమే వంగింది. ఈసారి చాలా గట్టిగా కొట్టాడు. అది బాగా కిందికి దిగి, ఆగి, నెమ్మదిగా పైకి వచ్చింది. ఆయన చేతులు ఆగిపోయాయి.

"నా కాలికి తెలిసేది ఇదేనా?"

"ఇదే బాబాయ్."

"ఇది నీకు కూడా కనబడుతోందా?"

కనబడుతోందన్నాను. ఆయన ఆ ముల్లును అలా చూస్తూ కూర్చున్నాడు. "ఇన్నేళ్లూ నాకొక్కడికే అనుకున్నాను," అన్నాడు. "నిజంగా ఉందో, నా మనసు కల్పించుకుంటోందో అనుకునేవాణ్ణి. ఎవరిని అడగను?"

జెరూషా మొహం చూస్తే నాకే ఏదోలా అయింది. అయినా ఆమెకి ఇంకా అనుమానం తీరలేదు కాబోలు. ఆయన వాయిస్తూ ముల్లు మీద కళ్లు పెట్టినప్పుడు, వెనక నుంచి చెయ్యి చాపి ఒక తీగ మరను కాస్తంత, కాస్తంటే కాస్తంతే వదులు చేసింది. నా చెవికి ఏ తేడా తెలియలేదు. ఆయన చెయ్యి మాత్రం ఠక్కున ఆగింది.

"మూడో తీగ ఎవరు ముట్టుకున్నారు?" అన్నాడు, తల తిప్పకుండానే. "రెండు తీగలూ కాలి కింద కొట్టుకుంటున్నాయి. జెరూషా, పోయి అవతల కూర్చో."

ఆమె అవతలికి పోలేదు. నేల మీద మోకాళ్ల మీద కూర్చుని, తాత పాదం పక్కనే తన అరచెయ్యి పెట్టెకి ఆనించింది. మళ్లీ వాయించమని ఆయన మోకాలి మీద చేత్తో తట్టి చెప్పింది. ఆయన తీగ సరిచేసుకుని వాయించాడు. కాసేపటికి ఆమె చెంప కూడా పెట్టెకి ఆనించింది. మళ్లీ లేచేసరికి ఆ గుడ్డ అచ్చు ఆమె చెంప మీద పడి ఉంది.

ఆదివారం చర్చి నిండిపోయింది. తుఫాను నాడు కొట్టుకుపోయిన ఇద్దరి పేర్లు పాస్టరు చదివాడు. వాళ్లలో ఒకరు పార్థీనియా పిన్ని భర్త. వంతెన దగ్గర పడవ విప్పడానికి వెళ్లి తిరిగి రాలేదు. ఆ రోజు నుంచి, చర్చి మూసి ఉండగా ఇళ్లల్లో జరిగిన ప్రార్థనలకి ఆమె వస్తూనే ఉంది గాని, పాట పాడలేదు. ఒకప్పుడు మా అందరినీ నడిపించిన గొంతు అది. పాటలు మొదలైనా నోరు కదిపేది కాదు. ఎవరూ బలవంతపెట్టలేదు.

పేర్లు చదివాక పాస్టరు కూర్చున్నాడు.  అబ్నర్ బాబాయి కడ్డీ తీగల మీద పెట్టి, ఒకే ఒక్క స్వరం కొట్టాడు. అది వంగింది. నాకు ఈసారి మీటరు అక్కర్లేకపోయింది. వంగడం నా కాళ్ల కింద చెక్కల్లో తెలిసింది, బల్ల అంచులో తెలిసింది. అడుక్కి దిగి, ఆరిపోతుందేమో అనిపించినంత సేపు అక్కడే ఉంది. తరువాత లేవడం మొదలుపెట్టింది. ఆయన కడ్డీని వణికిస్తూ దాన్ని పైకి తెచ్చాడు, పడిపోయిన మనిషిని చంకల కింద చేతులు వేసి లేపినట్టు. గొంతు పెగలని మనిషి ఏడుపు ఎలా ఉంటుందో అలా ఉంది ఆ స్వరం. పాడాలనుకుని పాడలేకపోతున్నట్టు కూడా ఉంది.

అది పూర్తిగా లేచేలోపే పార్థీనియా పిన్ని లేచి నిలబడింది. ముందు బొంగురు గొంతుతో ఒక్క మాట పాడి ఆగిపోయింది. బాబాయి ఆమె వైపు చూడలేదు, ఆమె గొంతు ఆయనకు వినబడదు. అయినా ఆ మాట ఎక్కడ ఆగిందో సరిగ్గా అక్కడ ఇంకో దెబ్బ కొట్టాడు. మళ్లీ వంగి లేచే ఆ స్వరంతో పాటు ఆమె గొంతు కూడా లేచింది. ఆ తరువాత ఆమె గొంతు విడిగా వినబడలేదు. అందరం నిలబడ్డాం, అందరం పాడుతున్నాం. నా ముందు వరసలో భారీ మనిషి ఒకాయన బల్ల పట్టుకుని భుజాలు అదిరేలా ఏడుస్తున్నాడు. కరెంటు గురించి నాకు తెలిసినదంతా ఆ క్షణంలో నా దగ్గరే ఉంది. కుండలో నిలవ, ఆయాసపడే ట్యూబు, వంగే ముల్లు. ఒక్కటీ అబద్ధం కాదు. అయినా వాటిలో ఏదీ, అక్కడ జరిగేదాన్ని చెప్పడానికి చాలడం లేదు.

తరువాత ఆయన్ని అడిగాను. పిన్ని ఆగిందని ఎలా తెలిసింది బాబాయ్, అని. నేల చెప్పిందన్నాడు. అంతమంది ఊపిరి బిగపడితే చెక్కలు కదలవట. అదేమంత వింత కాదన్నట్టు చెప్పాడు.

ప్రార్థన అయ్యాక బయట చెట్ల కింద భోజనాలు పెట్టారు. ఎర్రన్నం, రొయ్యలు, బెండకాయ సూపు, చిలగడదుంప పూర్ణంతో కాల్చిన తీపి. నేను యాంప్ ఆపుదామని లోపలికి వెళ్లాను. బాబాయి అక్కడే, తన కుర్చీలోనే, పళ్లెం ఒళ్లో పెట్టుకుని తింటున్నాడు. గిటారు జెరూషా ఒళ్లో ఉంది. ఆమె ఒక్కొక్క స్వరమే కొట్టి చూసుకుంటోంది. ఆయన ఎడమ కాలు ఇంకా బూటు లేకుండానే, పెట్టెకి ఆని ఉంది.

ఆపనా అని అడిగితే, వద్దని గరిటె ఊపినట్టు చెంచా ఊపాడు.

జెరూషా ఒక స్వరం బలంగా కొట్టింది. ఆయన నమలడం ఆపి, తల అడ్డంగా ఊపాడు. "అంత తొందరెందుకే. కొట్టి వదిలెయ్. అది వంగే దాకా ఉండు," అన్నాడు నోటి నిండా అన్నంతో. ఆమె మళ్లీ కొట్టింది, ఈసారి ఆగింది. ఆయన నమలడం మొదలుపెట్టాడు. నేను గోడ పక్క బల్ల మీద కూర్చుని, బూట్లు విప్పి, రెండు పాదాలూ నేల మీద పెట్టుకున్నాను.